"సర్టిఫికెట్ తెస్తేనే చూద్దాం" అంటున్నారా? ఆ కాగితం వెనుక 50 ఏళ్ల కథ

ఈ ఎపిసోడ్ అమీర్‌పేట్ నుంచి మొదలుపెడదాం.

మైత్రీవనం దగ్గర నిలబడితే అన్నీ బోర్డులే. జావా, పైథాన్, టెస్టింగ్ టూల్స్, స్పోకెన్ ఇంగ్లిష్. బీటెక్ అయ్యాక హాస్టల్‌లో ఉండి ఇక్కడ కోర్సు చేసినవాళ్లలో నేనూ ఒకణ్ని. అప్పట్లో ఈ బోర్డుల మధ్యలోనే ఇంకో రకం బోర్డులు ఉంటాయని గమనించలేదు. స్పీచ్ థెరపీ, చైల్డ్ డెవలప్‌మెంట్, రెమెడియల్ క్లాసులు. ఇప్పుడు అమీర్‌పేట్ నుంచి పంజాగుట్ట దాకా నడిస్తే నా కళ్లు వాటినే వెతుకుతాయి. ఎందుకంటే మా అక్క కొడుక్కి అవసరం పడింది.

వాడు నాలుగో క్లాసు. మాటల్లో ఎవర్నీ గెలవనివ్వడు. లెక్క నోటితో అడిగితే టక్కున చెప్తాడు. అదే లెక్క పుస్తకంలో చదివి చెయ్యమంటే ఆగిపోతాడు. తెలుగు రాస్తే 'మ' కాస్తా 'య' అవుతుంది. ఒత్తు ఏ అక్షరం కింద పెట్టాలో తేల్చుకోలేడు. ఇంగ్లిష్‌లో బి, డి తారుమారు. స్కూల్ వాళ్లు అక్కని పిలిచి ఒకటే మాట చెప్పారు: "సర్టిఫికెట్ తీసుకురండి మేడం, అప్పుడు చూద్దాం."

అక్క నాకు ఫోన్ చేసింది. "ఒరేయ్, నువ్వు కంప్యూటర్ వాడివి కదా, ఆ సర్టిఫికెట్ ఏదో ఆన్‌లైన్‌లో అప్లై చేసి పెట్టు."

గంటలో అయిపోయే పని అనుకున్నా. వెబ్‌సైట్ తెరిచాక అసలు ప్రశ్న వచ్చింది. పిల్లాడికి చదవడం కష్టంగా ఉందని టీచర్‌కి తెలుసు, అమ్మకి తెలుసు, వాడికీ తెలుసు. మరి మధ్యలో ఈ కాగితం ఎందుకు? ఇది ఎప్పుడు పుట్టింది? ఈరోజు ఆ కథే చెప్తా.

ముందు పంజాగుట్టకి వెళ్దాం. అక్కడి నిమ్స్ అందరికీ తెలుసు. అది మొదట ఎముకల ఆసుపత్రి. 1960లలో నిజాం ట్రస్టు డబ్బుతో నిజాం ఆర్థోపెడిక్ హాస్పిటల్‌గా మొదలైంది. ఈ విషయం ఎందుకు చెప్తున్నానంటే, ఆ రోజుల్లో వైకల్యం అంటే కంటికి కనిపించేదే. పోలియో వచ్చిన కాలు, చూపు లేని కన్ను, వినపడని చెవి. కనిపిస్తుంది కాబట్టి ఎవరూ కాదనరు. వాళ్లకి కూడా చదువు దగ్గరికి వచ్చేసరికి వేరే స్కూల్, వేరే హాస్టల్. మామూలు బడిలో చోటు చాలా తక్కువ.

మామూలు బడిలోనే చదివించాలన్న ఆలోచనకి కేంద్రం డబ్బు పెట్టింది 1974లో. ఆ పథకం పేరు ఐఈడీసీ. అంటే వికలాంగ పిల్లల సమ్మిళిత విద్య అన్నమాట. మొదట దాన్ని నడిపింది సాంఘిక సంక్షేమ శాఖ. విద్యాశాఖ చేతికి వచ్చింది 1982లో. ఒక్కసారి ఆలోచించండి: ఎనిమిదేళ్ల పాటు ఈ పిల్లల చదువు విద్యాశాఖ పని కాదు, సంక్షేమం పని.

మరి బుద్ధిమాంద్యం ఉన్న పిల్లలు? ఇక్కడ మన నగరం పాత్ర పెద్దది. 1984లో సికింద్రాబాద్ బోయిన్‌పల్లి దగ్గర, ఇప్పుడు మనోవికాస్ నగర్ అని పిలిచే చోట, కేంద్రం ఒక జాతీయ సంస్థ పెట్టింది. ఎన్ఐఎంహెచ్. ఇప్పుడు ఎన్ఐఈపీఐడీ అంటున్నారు. స్పెషల్ ఎడ్యుకేటర్లకి శిక్షణ, పిల్లలకి పరీక్షలు, తల్లిదండ్రులకి పాఠాలు, అన్నీ అక్కడే. దేశం మొత్తానికి ఆ పని మన ఊరి నుంచి జరిగింది.

ఇంకో పక్క ఎర్రగడ్డ. అమీర్‌పేట్ నుంచి మెట్రోలో మూడో స్టేషన్. మనం సరదాకి "వీణ్ని ఎర్రగడ్డకి పంపాలిరా" అంటాం కదా. ఆ మానసిక ఆసుపత్రికి చిన్న పిల్లాడి చెయ్యి పట్టుకుని వెళ్లాల్సి వచ్చిన అమ్మకి ఆ జోక్ ఎలా వినిపిస్తుందో ఎప్పుడైనా అనుకున్నామా? చాలా కుటుంబాలు పరీక్షలకి వెళ్లకపోవడానికి కారణం డబ్బు ఒక్కటే కాదు. ఆ ఊరి పేరు కూడా.

ఇప్పుడు కాగితం దగ్గరికి వద్దాం. 1995లో పార్లమెంటు మొదటిసారి వికలాంగుల హక్కులకి ఒక సమగ్ర చట్టం చేసింది. 1996 ఫిబ్రవరిలో అమల్లోకి వచ్చింది. చాలా మంచి విషయం. అందులో రెండు సంగతులు చూడండి. ఒకటి, వైకల్యాలు ఏడే: అంధత్వం, తక్కువ చూపు, నయమైన కుష్ఠు, వినికిడి లోపం, కదలికల వైకల్యం, బుద్ధిమాంద్యం, మానసిక అనారోగ్యం. రెండు, 40 శాతం గీత. డాక్టర్ కాగితం మీద 40 లేదా అంతకన్నా ఎక్కువ రాస్తేనే ఆ చట్టం కింద లెక్కలోకి వస్తావు.

ఆ ఏడింటిలో ఆటిజం లేదు. అది 1999లో నేషనల్ ట్రస్ట్ చట్టంతో ఒక చట్టంలోకి వచ్చింది, కానీ అది ఎక్కువగా సంరక్షకుల గురించిన చట్టం. డిస్‌లెక్సియా అయితే ఎక్కడా లేదు. తెలివి మామూలుగానే ఉండి, చదవడం, రాయడం దగ్గర మాత్రమే ఇబ్బంది పడే పిల్లాడికి ఏ పేరూ లేదు. అంటే మన ఇళ్లలో, మన బళ్లలో పెట్టిన పేరే మిగిలింది. మొద్దు. బద్ధకస్తుడు.

2007 చివర్లో 'తారే జమీన్ పర్' వచ్చింది. ఇంటింటా ఆ పదం తెలిసింది. అందరం ఏడ్చాం. కానీ థియేటర్ బయటికొస్తే చట్టంలో అవే ఏడు.

ఆ తర్వాత, 2010 ప్రాంతంలో, మన ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ ఒక పెద్ద పని చేసింది. సదరం. చాలామంది ఇది తెలుగో ఉర్దూనో అనుకుంటారు. కాదు. ఇంగ్లిష్‌లో 'సాఫ్ట్‌వేర్ ఫర్ అసెస్‌మెంట్ ఆఫ్ డిజేబుల్డ్' అంటూ మొదలయ్యే పొడవాటి పేరుకి పొట్టి రూపం. అవును, అందులో మొదటి మాట సాఫ్ట్‌వేరే! అంతకు ముందు చేత్తో రాసే సర్టిఫికెట్లు. ఒక డాక్టర్ 35 అంటే ఇంకో డాక్టర్ 60 అనేవారు. మధ్యలో దళారులు. సదరం వచ్చాక క్యాంపులో పరీక్ష, కంప్యూటర్‌లో లెక్క, ఒక్కొక్కరికి ఒక నంబర్. పింఛన్, బస్ పాస్ అన్నీ దానితోనే. ఊళ్లలో "సదరం ఉందా?" అన్నది మామూలు మాట అయిపోయింది.

సాఫ్ట్‌వేర్ చేసేవాడిగా నాకు ఇక్కడ ఒక సంగతి అర్థమవుతుంది. ఫారమ్‌లో డ్రాప్‌డౌన్ పెడతాం. అందులో ఏ ఆప్షన్లు ఉండాలో మనం నిర్ణయించం, రూల్ ఇచ్చినవాళ్లు నిర్ణయిస్తారు. చట్టంలో లేని ఇబ్బంది డ్రాప్‌డౌన్‌లో ఉండదు. డ్రాప్‌డౌన్‌లో లేని పిల్లాడు లెక్కలో ఉండడు. సిస్టమ్ ఎంత బాగా పనిచేస్తే అంత బాగా వాడు కనపడకుండా పోతాడు.

నా క్లాస్‌మేట్ ఒకడు ఉండేవాడు. పేరు చెప్పను. బోర్డు మీదిది నోట్సులోకి ఎక్కించేసరికి పీరియడ్ అయిపోయేది. రోజూ దెబ్బలు. మా ఇంట్లో పాడైన రేడియో విప్పి బాగుచేసింది వాడే. 2012లో ఇద్దరం పదో తరగతి పరీక్షలు రాశాం. నేను పాస్, వాడు ఫెయిల్. ఆ ఏడాది వాడి తల్లిదండ్రులు ఎన్ని ఆఫీసుల చుట్టూ తిరిగినా, వాడికి సరిపడే గడి మన చట్టంలో లేదు.

అది వచ్చింది 2016 చట్టంతో. 2017 ఏప్రిల్ 19 నుంచి అమలు. అదే సంవత్సరం నవంబర్‌లో అమీర్‌పేట్‌కి మెట్రో కూడా వచ్చింది. అంటే మెట్రో ఎంత పాతదో, మా చిన్నోడి ఇబ్బందికి చట్టంలో పేరు కూడా దాదాపు అంతే పాతది. ఏడు వైకల్యాలు ఇరవై ఒకటయ్యాయి. ఆటిజం వచ్చింది. 'నిర్దిష్ట అభ్యసన వైకల్యం' వచ్చింది. డిస్‌లెక్సియా, డిస్‌గ్రాఫియా, డిస్‌కాల్‌క్యులియా అన్నీ దాని కిందే.

2018 జనవరిలో పరీక్ష ఎలా చెయ్యాలో కేంద్రం గెజిట్‌లో చెప్పింది. ముందు పిల్లల డాక్టర్ చూపు, వినికిడి చూడాలి. తర్వాత సైకాలజిస్ట్ తెలివితేటల పరీక్ష, ఆపైన చదవడం, రాయడం, లెక్కల పరీక్ష. మొదటి సర్టిఫికెట్ ఎనిమిదేళ్లకి, మళ్లీ 14కి, మళ్లీ 18కి. ఇందులో ఇంకో చిక్కు ఉంది. తెలుగులో ఒత్తులు, గుణింతాల దగ్గర తడబడేవాణ్ని ఇంగ్లిష్ పేపర్‌తో కొలిస్తే ఏం తెలుస్తుంది? 2015లో భారతీయ భాషల కోసం ఒక డిస్‌లెక్సియా పరీక్ష తయారుచేస్తే, మొదట వచ్చినవి హిందీ, మరాఠీ, కన్నడ, ఇంగ్లిష్. తెలుగు ఆ మొదటి జాబితాలో లేదు.

సరే, ఇప్పుడు అసలు పాయింట్. ఈ చట్టం చదివేటప్పుడు నేను రెండుసార్లు ఆగి చూసుకున్న చోటు ఇదే.

చట్టంలో రెండు గుంపులు ఉన్నాయి. ఒకటి, వైకల్యం ఉన్న వ్యక్తి. రెండు, 40 శాతం లేదా అంతకన్నా ఎక్కువ అని సర్టిఫికెట్ ఉన్న వ్యక్తి. రెండో గుంపుకి కొన్ని ప్రత్యేక హక్కులు: 6 నుంచి 18 ఏళ్ల దాకా ఉచిత విద్య, ప్రభుత్వ ఉన్నత విద్యాసంస్థల్లో 5 శాతం సీట్లు, ఉద్యోగాల్లో రిజర్వేషన్. వీటికి కాగితం కావాల్సిందే.

కానీ స్కూల్ బాధ్యతలు చెప్పే సెక్షన్ 16 వేరు. అందులో 40 శాతం అనే మాటే లేదు. పిల్లాడి అవసరాన్ని బట్టి సర్దుబాట్లు చెయ్యాలి, వ్యక్తిగత సాయం ఇవ్వాలి, అభ్యసన వైకల్యాన్ని వీలైనంత త్వరగా గుర్తించి తగిన బోధన చెయ్యాలి అని ఉంది. గుర్తించాల్సింది స్కూల్! ప్రభుత్వ గుర్తింపు ఉన్న ప్రైవేట్ స్కూల్‌కి కూడా ఇది వర్తిస్తుంది. అంటే "సర్టిఫికెట్ తెస్తే చూద్దాం" అన్నది తలకిందులైన మాట.

సుప్రీంకోర్టు కూడా ఇదే దారిలో వెళ్లింది. 2021 ఫిబ్రవరిలో, చేతిరాత ఇబ్బంది ఉన్న ఒక సివిల్స్ అభ్యర్థి కేసులో, స్క్రైబ్ ఇవ్వడానికి 40 శాతం ఉండి తీరాలనడం కుదరదని చెప్పింది. 2022 ఆగస్టులో కేంద్రం అలాంటివాళ్ల కోసం మార్గదర్శకాలు ఇచ్చింది. అదే ఏడాది స్పెషల్ ఎడ్యుకేటర్ల లెక్క కూడా ఖరారైంది: ప్రైమరీలో పదిమంది పిల్లలకి ఒకరు, ఆపై తరగతుల్లో పదిహేను మందికి ఒకరు. కాగితం మీద. మీ స్కూల్‌లో ఎంతమంది ఉన్నారో మీరే లెక్కపెట్టండి. ప్రభుత్వ బడి అయితే మండల స్థాయిలో భవిత కేంద్రాలు, అక్కడ ఐఈఆర్పీలు ఉంటారు. వాళ్ల గురించి హెడ్మాస్టర్‌ని పేరు పెట్టి అడగండి.

మేం చేసింది చెప్తా. సర్టిఫికెట్‌కి దరఖాస్తు పెట్టాం, అది ఎలాగూ పదో తరగతి పరీక్షలకి కావాలి. అదనపు సమయం, స్క్రైబ్, రెండో మూడో భాష మినహాయింపు లాంటివి చట్టంలో ఉన్నాయి. దానితో పాటు అక్క ప్రిన్సిపాల్‌కి ఒక పేజీ ఉత్తరం రాసింది. పిల్లాడికి ఏం కష్టం, ఏం కావాలి, సెక్షన్ 16 ఏం చెప్తుంది. కాపీ మీద స్కూల్ స్టాంప్ వేయించుకుంది. నోటితో అడిగితే "చూద్దాం" అంటారు. స్టాంప్ ఉన్న కాగితానికి జవాబు ఇవ్వాలి.

పెద్ద అద్భుతం ఏం జరగలేదు. ఆసుపత్రి తేదీ ఇంకా రాలేదు. కానీ ఇప్పుడు వాణ్ని ముందు బెంచీలో కూర్చోబెడుతున్నారు. బోర్డు మీదిది ఫొటో తీసి పంపుతున్నారు. సైన్స్ ప్రశ్నలు నోటితో అడుగుతున్నారు. మొన్న మొదటిసారి "రేపు స్కూల్ ఉందా?" అని వాడే అడిగాడట.

ఈ ఎపిసోడ్ రాసుకుంటూ నా పాత క్లాస్‌మేట్‌కి ఫోన్ చేశా. ఇప్పుడు వాడికి మొబైల్ రిపేర్ షాపు ఉంది. ఇదంతా చెప్పా. కాసేపు మాట్లాడలేదు. తర్వాత, "దీనికి ఒక పేరుందని ఇప్పుడు చెప్తున్నావా రా" అన్నాడు.

నా దగ్గర జవాబు లేదు. మీ ఇంట్లోనో, పక్కింట్లోనో అలాంటి పిల్లాడు ఉంటే, ఆ పేరు వాడికి ముప్పై ఏళ్లకి కాదు, ఇప్పుడే తెలియాలి. ఆ ఉత్తరం ఈ వారమే రాయండి. ఉంటాను.