మంచులో మేలుకొన్న ఇంధన ఘటము

విద్యుత్తుచే నీటిని ఉదజనిగను, ఆమ్లజనిగను విడదీయుట మనము బడిలో నేర్చిన పాఠమే. ఆ పాఠమును తిరుగవేసి, ఆ రెండు వాయువులను కలిపి విద్యుత్తును పుట్టించినవాడు విలియం గ్రోవ్. వేల్సున జన్మించిన ఈ న్యాయవాది 1839లో తన ప్రయోగమును ప్రకటించెను. ఇంధన ఘటమునకు, అనగా ఫ్యూయెల్ సెల్‌కు, కథారంభ మదియే.

చిరకాల మది ప్రయోగశాలను దాటలేదు. 1965లో జెమిని 5 అంతరిక్షనౌకకు విద్యుత్తు నిచ్చినది. మరుసటి యేడు జనరల్ మోటార్స్ వారు వేరొక తరగతి ఘటములతో ఎలక్ట్రోవాన్ అను బండిని నడిపి చూపిరి. కాని రాత్రియంతయు మంచులో నిలిచిన కారు తెల్లవారగనే కదలవలెనన్నచో, అది వేరు పరీక్ష.

నేటి కార్లలోని ఘటమునకు నడుమ ఒక పలుచని పొర యుండును. ఒకవైపు ఉదజని, రెండవవైపు గాలి. ఉదజని ప్రోటానులు ఆవలికి పోవుటకు పొర తడిగా నుండవలెను. ఆవల నవి ఆమ్లజనితో కూడి నీరగును. ఘటము బ్రతుకునది నీటితోనే, కనునదియు నీటినే. ఉష్ణోగ్రత సున్నకు దిగువకు పోయినచో ఆ నీరే శత్రువగును. అప్పుడే పుట్టిన నీరు గడ్డకట్టి, గాలి చొచ్చు సూక్ష్మరంధ్రములను పూడ్చివేయును. ఆమ్లజని యందక ఘటము ఆగిపోవును. గడ్డకట్టిన నీరు నూటికి తొమ్మిదివంతులు ఉబ్బుటచే ఉత్ప్రేరకపు పూతయు దెబ్బతినును. ఘటము వేడెక్కుట ముందా, మంచు రంధ్రములను మూయుట ముందా? ఇదియే పందెము.

2002లో హోండా వారు అద్దెకిచ్చిన తొలి ఎఫ్‌సిఎక్స్ కార్లు ఈ పందెమునకు సిద్ధము కాలేదు. 2003లో వారు పలుచని లోహపు రేకులతో కూర్చిన ఘటమాలను ప్రకటించిరి. రేకు పలుచనైనకొలది త్వరగా వేడెక్కును. సున్నకు దిగువ 20 డిగ్రీలలోను అది మేలుకొనెను. మరుసటి యేడు అట్టి కార్లు న్యూయార్కు రాష్ట్రమునకు చేరినవి. 2008లో టొయోటా వారి కారు సున్నకు దిగువ 30 డిగ్రీల హద్దు నందుకొనెను.

ఈ విజయమునకు ఉపాయములు రెండు. బండి నాపునపుడు గాలి నూది, మిగిలిన నీటిని వెడలగొట్టుట మొదటిది. ఐనను తడి బొత్తిగా పోరాదు. పోయిన పొర పనిచేయదు. రెండవది వింతైనది. టొయోటా ఇంజనీర్లు బండి కదలించునపుడు బుద్ధిపూర్వకముగ గాలిని తగ్గించిరి. అప్పుడు ఘటము తక్కువ విద్యుత్తును, ఎక్కువ వేడిని ఇచ్చును. పొదుపునకు పేరొందిన యంత్రముచే కొద్దిసేపు దుబారా చేయించి, ఆ దుబారాతోనే మంచును జయించిరి. సున్నకు దిగువ 20 డిగ్రీలలో 30 సెకండ్లకు సగము శక్తి నందుకొనవలెనని అమెరికా ఇంధనశాఖ పెట్టిన లక్ష్యము వెనుక నున్నదియు ఈ తొందరయే.

ఇది పరదేశముల మాట యని మన మూరకుండరాదు. 2024లో లేహ్ పట్టణమున ఎన్.టి.పి.సి. వారి ఉదజని బస్సులు బయలుదేరినవి. 3,000 మీటర్లకు పైబడిన ఆ యెత్తున శీతకాలపు రాత్రి నీరు గడ్డకట్టుట సామాన్యము. ఉదయమున బస్సు కొరకు నిలుచువారికి ఇంధన ఘటపు గొప్పతనము ఒక్కదానితోనే తెలియును: అది వేళకు కదలినదా, లేదా?