సొంత కోర్టుల గడప దాటాకే

అంతర్జాతీయ వేదికను ఆశ్రయించే ముందు ఆరోపణ ఎదుర్కొంటున్న దేశంలోని న్యాయమార్గాలన్నీ వినియోగించుకోవాలన్న నియమం, పరాయి దేశాల్లో నష్టపోయిన పౌరుల వివాదాల నుంచి ఎదిగింది. 1959లో ఇంటర్‌హాండెల్ కేసులో అంతర్జాతీయ న్యాయస్థానం దీన్ని స్థిరపడిన ఆచార న్యాయంగా గుర్తించింది. 1950 నాటి ఐరోపా మానవ హక్కుల ఒప్పందం అప్పటికే దీన్ని తనలో చేర్చుకుంది. తప్పు దిద్దుకునే తొలి అవకాశం ఆ రాజ్యానికే ఇవ్వాలన్న తర్కం సబబైనదే. కానీ పని చేయని కోర్టుల చుట్టూ బాధితుణ్ణి తిప్పడానికి ఈ నియమం పుట్టలేదు.

హోండురాస్‌లో 1981లో మాన్‌ఫ్రెడో వెలాస్కెజ్ అనే విద్యార్థి అదృశ్యమయ్యాడు. మూడు హెబియస్ కార్పస్ పిటిషన్లు, రెండు క్రిమినల్ ఫిర్యాదులు ఫలించలేదు. అయినా దేశీయ మార్గాలు మిగిలే ఉన్నాయని ప్రభుత్వం వాదించింది. అమెరికా ఖండాల మానవ హక్కుల న్యాయస్థానం 1988 తీర్పులో ఆ అభ్యంతరాన్ని తోసిపుచ్చింది. మార్గం ఉందనే ప్రభుత్వమే అది ఫలితమిచ్చేదని నిరూపించాలంది. రహస్యంగా బంధించిన మనిషి ఎక్కడున్నాడో చెబితేనే పిటిషన్ విచారిస్తామనే పద్ధతి వల్ల ప్రయోజనమేమిటి? ఇలాంటి మినహాయింపులు సార్వభౌమత్వాన్ని దెబ్బతీస్తాయని కొందరంటారు. కోర్టులు నిజాయితీగా పనిచేసే దేశానికి వీటివల్ల పోయేదేమీ లేదు. ఇక మన విషయానికొస్తే, భారత్ 1979లో అంతర్జాతీయ పౌర, రాజకీయ హక్కుల ఒడంబడికలో చేరింది. వ్యక్తుల ఫిర్యాదులకు దారి తెరిచే ఐచ్ఛిక ప్రోటోకాల్‌లో మాత్రం చేరలేదు. మన న్యాయవ్యవస్థపై మనకు నమ్మకముంటే ఆ తలుపు తెరవడానికి జంకు అక్కర్లేదు.