తెల్లకణాలకు నంబర్లు పడిన చరిత్ర

సూరత్‌లో గోడాదరా పేరు మన తెలుగువారికి కొత్త కాదు. వరంగల్, కరీంనగర్, నల్లగొండ జిల్లాల నుండి మగ్గాల పనికి వచ్చిన కుటుంబాలు ఈ చుట్టుపక్కల తరాలుగా ఉంటున్నాయి. సైనిక ఆసుపత్రి ల్యాబులో పనిచేసి రిటైరైన నేనూ ఇక్కడే స్థిరపడ్డాను. చాలా ఏళ్ల కిందట ఒక మగ్గం కార్మికుడు రిపోర్టు పట్టుకొచ్చి, "ల్యాబుల పనిజేసినవు గదా అన్నా, గీ సీడీ ఫోర్ 180 అంటే ఏంది?" అని అడిగాడు. ఆనాటి జవాబునే కాస్త వివరంగా రాస్తున్నాను.

తెల్లకణాల్లో లింఫోసైట్లనేవి మైక్రోస్కోపు కింద అన్నీ ఒకేలా కనిపిస్తాయి. యూనిఫాం ఉండి, భుజాన యూనిట్ గుర్తు లేని జవాన్లన్నమాట! 1970లలో టీ కణాలను పట్టాలంటే రక్తంలో గొర్రె ఎర్రకణాలు కలిపేవారు. అవి టీ కణం చుట్టూ పూరేకుల్లా అతుక్కునేవి. కళ్లు కాయలు కాచేలా లెక్కపెట్టినా, టీ కణమని తెలిసేదే గాని అందులో ఏ రకమో తెలిసేది కాదు.

1975లో కేంబ్రిడ్జిలో కోలర్, మిల్‌స్టీన్ అనే శాస్త్రవేత్తలు దారి చూపారు. యాంటీబాడీ తయారుచేసే ఎలుక కణానికి పని తెలుసు, ఆయుష్షు లేదు. క్యాన్సర్ కణానికి ఆయుష్షుకు కొదవ లేదు. రెంటినీ కలిపితే పుట్టిన సంకర కణం ఒకే రకం యాంటీబాడీని ఎంత కావాలంటే అంత ఇచ్చింది. అదే మోనోక్లోనల్ యాంటీబాడీ. 1984లో వారికి, జెర్నేతో కలిపి, నోబెల్ వచ్చింది.

స్టాన్‌ఫర్డ్‌లో హెర్జెన్‌బర్గ్ బృందం అప్పటికే ఫ్లో సైటోమీటర్ మీద పనిచేస్తోంది. మెరిసే రంగు తగిలించిన యాంటీబాడీ తన గుర్తున్న కణాన్నే అంటుకుంటుంది. కణాలు సింగిల్ ఫైల్‌లో లేజర్ ముందు నుండి సాగుతుంటే, మెరిసినవాటిని యంత్రం లెక్కిస్తుంది. సెకనుకు వేల కణాలు!

ఇక్కడే గందరగోళం మొదలైంది. ఒకే గుర్తును ఒక కంపెనీ ఓకేటీ4 అంటే, మరొకటి లియూ3 అంది. 1982లో పారిస్‌లో శాస్త్రజ్ఞులు కూర్చుని, ఒకే గుర్తును పట్టే యాంటీబాడీలన్నిటికీ ఒకే సీడీ నంబరు ఇచ్చారు. నా దృష్టిలో యంత్రం కన్నా ఇదే గొప్ప పని. యూనిట్‌కొక కోడ్‌వర్డ్ ఉంటే ఏమవుతుందో మనకు చెప్పాలా?

తరువాత సీడీ4 అని పేరుపడ్డ ఈ కణాలు దాదాపు మాయమయ్యాయని 1981లోనే లాస్ ఏంజెలెస్‌లో గాట్లీబ్ బృందం కొందరు రోగుల్లో గమనించింది. అది ఎయిడ్స్. ఆరోగ్యవంతుల్లో మైక్రోలీటరుకు సుమారు 500 నుండి 1500 ఉంటాయి. 2004 ఏప్రిల్ 1న మన దేశంలో ఉచిత ఏఆర్‌టీ మందులు మొదలైనప్పుడు 200కు దిగువన ఉన్నవారికి ఇవ్వాలన్నారు. 180 అంటే మందు మొదలుపెట్టాలన్నమాట. తొలి ఆరు రాష్ట్రాల్లో ఆంధ్రప్రదేశ్ ఉంది, గుజరాత్ లేదు. ఇక్కడివారికి ఆ తరువాతే అందాయి. హద్దు క్రమంగా 350కి, 500కి పెరిగింది. 2017 నుండి అంకె ఎంతైనా, వైరస్ ఉందని తేలిన వెంటనే మందు ఇస్తున్నారు. అయినా తొలిరోజు సీడీ4 లెక్క తీస్తారు. 200 దాటకపోతే క్షయ వంటివి దాగి ఉన్నాయేమోనని వెతుకుతారు.