రేవు వెనక కొండలు

సూరత్ తాపీ నది ఒడ్డున, సముద్రానికి కాస్త లోపలగా ఉన్న పల్లపు ఊరు. ఊళ్ళో ఎక్కడ నిలబడ్డా చెప్పుకోదగ్గ గుట్ట ఒక్కటీ కనిపించదు. తూర్పుగా కారులో రెండు గంటలు పోతే సోన్‌గఢ్ కొండకోట వస్తుంది. ఆగ్నేయంగా నాలుగు గంటలు పోతే డాంగ్ అడవులు, సాపుతారా, వాటిని దాటితే సహ్యాద్రి అంచున హత్‌గఢ్, ముల్హేర్, సాల్హేర్ కోటలు. ఆదివారం పొద్దున్నే కారు మాట్లాడుకుని రాత్రికి ఇల్లు చేరే కుటుంబాలకు ఇప్పుడిది విహారం. పదిహేడో శతాబ్దంలో మాత్రం సూరత్ వర్తకులు ఆ దిక్కుకేసి భయంగా చూసేవారు. ఊరికి సంపద సముద్రం మీద వస్తే, ముప్పు చాలాసార్లు కొండల్లోంచి దిగింది.

ఊరి సొంత కోట మాత్రం కొండల్ని దృష్టిలో పెట్టుకుని కట్టింది కాదు. పోర్చుగీసువాళ్ళు 1512లోనూ, 1530, 1531లలోనూ ఓడల మీద వచ్చి సూరత్‌ను తగలబెట్టారు. అందుకని గుజరాత్ సుల్తాను మూడో మహమూద్ నది ఒడ్డునే గట్టి కోట కట్టమన్నాడు. ఆ పని ఖుదావంద్ ఖాన్ చేతుల మీదుగా 1540లలో పూర్తయింది. రాళ్ళను ఇనుప బందాలతో బిగించి, సందుల్లో సీసం కరిగించి పోశారని చెబుతారు. నాలుగు మూలలా గుండ్రటి బురుజులు, నేల వైపు అగడ్త. ఫిరంగుల చూపంతా నీళ్ళ మీదే. ఈ కోట ఇప్పుడు బాగుచేసిన మ్యూజియం. కొండల ప్రయాణం పెట్టుకున్నవాళ్ళు ముందురోజు సాయంత్రం దీన్ని చూసి వెళ్తే, తర్వాత చూడబోయే కోటలకూ దీనికీ తేడా ఇట్టే తెలుస్తుంది. ఇది రేవును కాచే కోట. అవి దారిని పట్టుకునే కోటలు.

ఆ దారి తెలుగు నేలకు వచ్చే దారి కూడా. సూరత్ నుంచి గోల్కొండకు పోయే బిడారులు బార్డోలి, వ్యారా, నవాపుర్‌ల మీదుగా తాపీ లోయ వెంట వెళ్ళి, కొండలెక్కి, దౌలతాబాద్, ఔరంగాబాద్ దాటి దక్కన్‌లో దిగేవి. ఫ్రెంచి వజ్రాల వర్తకుడు తావెర్నియే గోల్కొండ గనులకు ఇటుగానే ప్రయాణించి, మజిలీలను ఒకటొకటిగా రాసిపెట్టాడు. ఎద్దుబండి మీద సుమారు నాలుగు వారాల ప్రయాణం. ఆయన నవాపుర్ దగ్గర ప్రత్యేకంగా ఆగాడు. నేతగాళ్ళు నిండుగా ఉన్న పెద్ద పల్లె అనీ, అక్కడి అసలు వ్యాపారం మాత్రం బియ్యమనీ చెప్పాడు. గింజ మామూలు బియ్యంలో సగం ఉంటుందట, వండితే తెల్లగా కస్తూరి వాసన వేస్తుందట, దేశంలోని పెద్దలు ఆ బియ్యమే తింటారట. వజ్రాల కోసం బయల్దేరిన మనిషి అన్నం వాసన దగ్గర అంతసేపు నిలబడటం ఆ పుస్తకంలో ముచ్చటైన సంగతుల్లో ఒకటి. మరో ఫ్రెంచి యాత్రికుడు తెవెనో 1666లో సూరత్‌లో దిగి, ఆ తర్వాత ఎల్లోరా గుహలు చూసుకుంటూ గోల్కొండ, మచిలీపట్నం చేరాడు.

సామాన్లు పోయే దారి కనుమలెక్కే చోట ఒక చిన్న రాజ్యం ఉండేది. దాని పేరు బాగ్లాణ్. గుజరాత్‌కూ ఖాందేశ్‌కూ దక్కన్‌కూ మధ్య ఇరుక్కున్న ఈ కొండసీమను బాగుల్ వంశపు రాజులు ముల్హేర్ రాజధానిగా ఏలారు. అక్బరు కాలపు ‘ఐనీ అక్బరీ’ ఇక్కడ ఏడు పేరుమోసిన కోటలున్నాయనీ, వాటిలో ముల్హేర్, సాల్హేర్ అసామాన్యమైనవనీ చెబుతుంది. పెద్ద రాజ్యాల నడుమ ఇంత చిన్న సంస్థానం అంతకాలం నిలిచిందంటే సైన్యం బలం కన్నా ఆ రాళ్ళ నిటారుతనమే ఎక్కువ కారణమై ఉండాలి. 1638లో దక్కన్ సుబేదారుగా ఉన్న ఔరంగజేబు దాన్ని మొగలుల కింద కలిపేశాడు. దానితో సూరత్ వెనక గోడ ఢిల్లీ చేతికి వచ్చినట్టయింది. పాతికేళ్ళ తర్వాత శివాజీ ఆ గోడను పట్టించుకోలేదు.

1664 జనవరి 5న శివాజీ దండు గణ్‌దేవి దాకా వచ్చిందని సూరత్‌లో కబురు పొక్కింది. గణ్‌దేవి అక్కడికి నలభై అయిదు కిలోమీటర్లు. మరునాడు దండు ఊరి బయట దిగింది. ఊరికి అప్పుడు రాతి ప్రాకారం లేదు. అధికారి ఇనాయత్ ఖాన్ కోటలో తలుపులు వేసుకుని కూర్చున్నాడు. డబ్బున్న వర్తకులు కొందరు లంచమిచ్చి లోపల చోటు సంపాదించుకున్నారు. ఫిరంగులు పేలాయి గానీ, ఆ గుండ్ల వల్ల మరాఠాలకన్నా ఊరి ఇళ్ళకే ఎక్కువ నష్టం జరిగిందని ఆనాటి రాతలు చెబుతాయి. నీళ్ళకేసి చూడమని కట్టిన కోట ఊరి వైపు తిరిగితే అంతకన్నా ఏం జరుగుతుంది? ఆసియాలోనే గొప్ప ధనవంతుల్లో ఒకడైన వీర్జీ వోరా ఇల్లు నాలుగు రోజుల్లో ఊడ్చుకుపోయింది. ఇంగ్లీషువాళ్ళు జార్జ్ ఆక్సెండెన్ నాయకత్వంలో తమ వర్తక కొఠీని కాపాడుకుని, దాన్ని చాలాకాలం గొప్పగా చెప్పుకున్నారు. మొత్తం దోపిడీ కోటి రూపాయల దాకా ఉంటుందని అంచనాలున్నాయి. వర్తకులు కోలుకోవాలని ఔరంగజేబు ఒక ఏడాదిపాటు సుంకం మాఫీ చేశాడు.

రెండో దాడి 1670 అక్టోబరు 3న మొదలై మూడు రోజులు సాగింది. ఈసారి జరిగిన దోపిడీ కన్నా తిరుగు ప్రయాణమే చరిత్రకు ముఖ్యం. సొమ్ముతో నిండిన దండు బాగ్లాణ్ మీదుగా, ముల్హేర్ కోట పక్కనుంచి వెళ్ళింది. దావూద్ ఖాన్ మొగలు సైన్యంతో నాసిక్ దిక్కున వణీ–దిండోరి దగ్గర అడ్డగిస్తే అక్టోబరు 17న పోరు జరిగింది. సొమ్ము మాత్రం కనుమ దాటిపోయింది. ఆ దారిలో కోటలు ఎవరి చేతిలో ఉంటే సూరత్ తలుపు తాళం వారిదేనని మరాఠాలు గ్రహించినట్టున్నారు. 1671 జనవరి మొదట్లోనే శివాజీ పేష్వా మోరోపంత్ పింగళే సాల్హేర్‌ను పట్టుకున్నాడు.

సాల్హేర్ శిఖరం 1,567 మీటర్లు. మహారాష్ట్రలో కల్సూబాయి తర్వాత అదే ఎత్తయినది, కోటల్లోనైతే అన్నిటికన్నా పైది. కింద పల్లెలో నిలబడి చూస్తే మొదట కోట కనిపించదు, నల్లటి రాతి గోడ ఒకటి అడ్డంగా లేచి ఉంటుంది. దాన్ని తొలిచి మలిచిన మెట్లు, ఒకదాని వెనక ఒకటి తలుపులు, పైన విశాలమైన మైదానం, అందులో ఎండాకాలంలోనూ నీళ్ళుండే చెరువు. అన్నిటికన్నా పైన పరశురాముడి గుడి. భూమినంతా దానం చేసిన పరశురాముడు ఉండటానికి చోటు లేక, ఇక్కణ్ణుంచే బాణం వేసి సముద్రాన్ని వెనక్కి నెట్టాడని స్థలపురాణం.

ఈ కోటను వెనక్కి రాబట్టుకోవడానికి మొగలు సేనానులు బహదూర్ ఖాన్, దిలేర్ ఖాన్ ముట్టడి వేశారు. ఇఖ్లాస్ ఖాన్‌ను అక్కడ వదిలి వాళ్ళు వేరే పని మీద వెళ్ళారు. 1672 ఫిబ్రవరిలో మోరోపంత్ ఒక వైపునుంచి, ప్రతాప్‌రావ్ గుజర్ మరో వైపునుంచి వచ్చి కోట కింది బయల్లో ముట్టడిదారులను చుట్టుముట్టారు. మెరుపుదాడులకు పేరుపడిన మరాఠాలు ఎదురెదురుగా నిలబడి మొగలు సైన్యాన్ని ఓడించిన తొలి పెద్ద యుద్ధంగా చరిత్రకారులు దీన్ని లెక్కిస్తారు. శివాజీకి చిన్ననాటి నుంచీ తోడున్న సూర్యాజీ కాకడే ఇక్కడే ఒంటె మీది చిన్న ఫిరంగి గుండు తగిలి చనిపోయాడు. అదే ఏడాది సూరత్‌కు దక్షిణాన ఉన్న జవ్హార్, రాంనగర్ సంస్థానాలు కూడా మరాఠాల చేతికొచ్చాయి. ఆ వెంటనే మోరోపంత్ సూరత్‌కు ఉత్తరం పంపి నాలుగు లక్షల రూపాయల చౌత్, అంటే ఆదాయంలో నాలుగో వంతు పేరుతో కప్పం, అడిగాడు. దండు దిగాల్సిన అవసరం కూడా తగ్గింది. మరాఠాలు వస్తున్నారన్న పుకారు పుడితే చాలు, దుకాణాలు మూతపడేవి, కుటుంబాలు పడవలెక్కేవి. వర్తకాన్ని చంపినది రెండు దోపిడీలు కాదు, ఆ తర్వాత ఏళ్ళ తరబడి సాగిన ఈ వణుకే. ఇంగ్లీషు కంపెనీ 1687లో తన ప్రధాన స్థావరాన్ని బొంబాయికి మార్చుకుంది. అదే ఏడాది సాల్హేర్ మళ్ళీ మొగలులకు దక్కింది. ఈసారి యుద్ధం లేదు, కోట కాచే కిల్లేదారుకు డబ్బూ హోదా ఇచ్చి కొనేశారు.

తర్వాతి అధ్యాయం సూరత్‌కు ఇంకా దగ్గరగా, సోన్‌గఢ్‌లో మొదలవుతుంది. సేనాపతి ఖండేరావ్ దాభాడే కింద పనిచేసిన పిలాజీ గైక్వాడ్ మొదట నవాపుర్‌లో ఉండి, తోటి మరాఠా సర్దారులతో పొత్తు కుదరక పడమరగా జరిగి 1719లో ఈ గుట్టను బలపరిచాడు. చుట్టుపక్కల భిల్లులు, కోలీలు అతనికి అండ. సోన్‌గఢ్ అంటే బంగారు కోట. అందులో బంగారమేమీ లేదు గానీ, అక్కణ్ణుంచి గుర్రాలు ఒకట్రెండు రోజుల్లో సూరత్ పొలిమేర చేరతాయి. కోటకు అసలైన బంగారం అదే. సూరత్ చుట్టూ చౌత్ వసూలు అక్కణ్ణుంచే స్థిరపడింది. పిలాజీని 1732లో డాకోర్‌లో, మార్వాడ్ రాజు అభయ్‌సింగ్ మనిషి పొడిచి చంపాడు. కొడుకు దామాజీ కాలంలో వంశానికి బరోడా దక్కింది, 1766లో రాజధాని పాటణ్‌కు మారింది. మహారాజా శాయాజీరావు పేరుతో గుర్తుకొచ్చే బరోడా సంస్థానం పుట్టినిల్లు నిజానికి ఈ అడవి గుట్ట. వ్యారా, సోన్‌గఢ్ 1949లో బరోడా బొంబాయి రాష్ట్రంలో కలిసేదాకా గైక్వాడుల కిందనే ఉన్నాయి. పక్కనే బార్డోలి ఇంగ్లీషువాళ్ళది. అందుకే బార్డోలి రైతులు పన్నులు కట్టబోమని భీష్మించి, 1930లో జప్తుల నుంచి తప్పించుకోవాల్సి వచ్చినప్పుడు గొడ్డూగోదా తోలుకుని బరోడా పల్లెల్లోకి దాటుకున్నారు.

కొండలెక్కితే డాంగ్. ఇక్కడ కోటలు తక్కువ, టేకు ఎక్కువ. అయిదుగురు భిల్లు రాజులు గఢ్వీ, ఆమాలా, వాసుర్ణా, దేహర్, పింప్రీ గద్దెల మీద ఉండేవారు. 1830లో ఇంగ్లీషు అధికారి ఔట్రం సైన్యంతో వచ్చి వాళ్ళను లొంగదీశాడు. 1842లో ఓడలకు కావలసిన కలప కోసం కంపెనీ ఆ రాజుల దగ్గర అడవిని కౌలుకు తీసుకుంది. కౌలు డబ్బు ఏటా అందరి ముందూ దర్బారు పెట్టి ఇచ్చే ఆనవాయితీ వచ్చింది. హోళీకి ముందు డాంగ్ ముఖ్యపట్టణం ఆహ్వాలో జరిగే డాంగ్ దర్బార్ అదే. దేశంలోని మహారాజుల భరణాలు 1971లో రద్దయినా, ఈ అయిదుగురి వారసులకు పింఛను ఆగలేదు. సంతలో డప్పులు, ఊదే బూరలు, జనం తోసుకుంటుంటే మధ్యలో తలపాగాలు చుట్టుకున్న రాజులు బగ్గీల్లో ఊరేగుతారు. పండగయ్యాక చాలామటుకు వాళ్ళూ మామూలు రైతులే.

పల్లెల్లో కుంక్ణాలు, భిల్లులు, వార్లీలు, కింద తాపీ లోయలో గామిత్‌లు, చౌధరీలు. తిండి నాగ్లీ రొట్టె. నాగ్లీ అంటే మన చోళ్ళే. పిండిని వేడినీళ్ళతో ముద్ద చేసి అరచేతుల మధ్య తట్టి మట్టి పెనం మీద కాలుస్తారు. అంచులు కొంచెం మాడాలి, పక్కన మినపప్పూ, వెల్లుల్లి కారమూ ఉండాలి. చలికాలంలో సూరత్ ఊరి బయట పాకల్లో అమ్మే పోంక్ కూడా తెలుగువారికి కొత్తదేం కాదు. లేత జొన్న కంకుల్ని కుమ్ములో కాల్చి రాల్చిన ఊచబియ్యం అది.

కలప బయటికి రావడానికి గైక్వాడుల ప్రభుత్వం బిలిమోరా నుంచి వఘయీ దాకా చిన్న రైలు వేసింది. తాపీ లోయలో సూరత్–భుసావళ్ రైలుమార్గం అంతకుముందే వచ్చింది. తావెర్నియే దారి అప్పటితో పట్టాలెక్కిందనవచ్చు. 1960 మే 1న గుజరాత్, మహారాష్ట్ర విడిపోతే డాంగ్ గుజరాత్‌కు వచ్చింది, సాల్హేర్, హత్‌గఢ్ అటువైపు ఉండిపోయాయి. నవాపుర్ స్టేషను రెండింటికీ మధ్యన పడింది. ప్లాట్‌ఫారం మీద ఒక బల్లకు సగం మహారాష్ట్ర, సగం గుజరాత్ అని రాసి ఉంటుంది. టికెట్ల కిటికీ ఒక రాష్ట్రంలో, స్టేషన్ మాస్టరు గది ఇంకో రాష్ట్రంలో. విజయవాడ, వరంగల్ నుంచి నవజీవన్ ఎక్స్‌ప్రెస్ ఎక్కి సూరత్ పవర్‌లూమ్‌లకు పోయిన పద్మశాలీలు తరాలుగా ఈ లోయ వెంబడే ప్రయాణించారు. లింబాయత్ పేటలో వాళ్ళ పిల్లలు తెలుగు మాట్లాడతారు, ఊరి మునిసిపాలిటీ తెలుగు మాధ్యమంలో కూడా బడి నడిపింది. మూడున్నర శతాబ్దాల కింద నేతగాళ్ళ పల్లెగా పేరుపడిన నవాపుర్ ముందు నుంచి, తెలంగాణ నేతగాళ్ళు నిద్రలో దాటిపోతుంటారు.

1972లో తాపీ మీద ఉకాయీ ఆనకట్ట పూర్తయింది. వందకు పైగా గ్రామాలు, ఎక్కువగా ఆదివాసులవి, దాని కింద పోయాయి. సోన్‌గఢ్ కోట ఎక్కి ఉత్తరంగా చూస్తే ఆ నీళ్ళు కనిపిస్తాయి. బురుజులు కూలినచోట మేకలు మేస్తుంటాయి, కోటలోని గుళ్ళకు వచ్చే భక్తులు మెట్ల మీద చెప్పులు వదులుతారు.

ఒకరోజు ప్రయాణంలో సోన్‌గఢ్, వఘయీ, సాపుతారా సులువుగా కుదురుతాయి. సాపుతారా దగ్గరి హత్‌గఢ్‌ను కూడా గంటన్నరలో ఎక్కి దిగవచ్చు. వానలు తగ్గిన భాద్రపదం, ఆశ్వయుజం అనువైన కాలం, కనుమలు పచ్చగా ఉంటాయి, పొగమంచు మధ్యాహ్నానికి విడుతుంది. సాల్హేర్ సంగతి వేరు. ఎక్కడానికే మూడు గంటలు పడుతుంది, దిగేసరికి పొద్దు వాలుతుంది. 2025 జులైలో యునెస్కో మరాఠా కోటల్ని ప్రపంచ వారసత్వ జాబితాలో చేర్చినప్పుడు పన్నెండింటిలో సాల్హేర్ ఒకటి. అయినా సూరత్ నుంచి వచ్చే కార్లు చాలావరకు హత్‌గఢ్ దగ్గరే వెనక్కి తిరుగుతాయి.