జే ఫాయ్

జే ఫాయ్ థాయిలాండ్ రాజధాని బాంకాక్ నగరానికి చెందిన ప్రసిద్ధ పాకశాస్త్ర నిపుణురాలు, అదే పేరు గల భోజనశాలకు యజమానురాలు. ఈమె అసలు పేరు సుపిన్యా జున్సుతా. "జే" అనగా అక్క. ఇది చైనా నుండి వలస వచ్చినవారి ద్వారా థాయి వాడుకలో చేరిన పిలుపు. "ఫాయ్" అనగా పుట్టుమచ్చ. ముఖం మీది మచ్చను బట్టి వచ్చిన ఈ పేరు మన పల్లెలలోని పిలుపు పేర్ల వంటిదే.

బాల్యం

ఈమె 1940వ దశకంలో చైనా మూలాలు గల పేద కుటుంబంలో జన్మించింది. తల్లిదండ్రులు వీధిలో అన్నపు జావ, నూడుల్స్ అమ్మి జీవించేవారు. అమ్మకానికి వండే వంటే ఇంటికి ఆధారం కావడం వలన పొయ్యి, బాణలి ఈమెకు చిన్ననాడే పరిచయమయ్యాయి. అయినా మొదట ఎంచుకున్నది వంట కాదు, కుట్టుపని. కొన్నేళ్ళ తరువాత జరిగిన అగ్నిప్రమాదంలో కూడబెట్టుకున్నదంతా కాలిపోయింది. అప్పుడు తల్లి పొయ్యి దగ్గరకే తిరిగి వచ్చి, చూసి నేర్చిన వంటను జీవనోపాధిగా చేసుకొన్నది.

భోజనశాల

పాత నగరంలోని మహాచాయ్ వీధిలో ఈమె దుకాణం వెలసింది. వీధి తిండి చవకగా ఉండాలన్నది అందరి అభిప్రాయం. ఈమె మాత్రం పెద్ద రొయ్యలు, మేలైన పీత మాంసం కొని, అందుకు తగిన ధరే పెట్టింది. వీధి దుకాణంలో ఇంత ధరా అని జనం విమర్శించారు. ఈమె ధర తగ్గించడానికి సరుకు నాణ్యతను తగ్గించలేదు. పేరు రావడానికి ముఖ్య కారణం ఈ పట్టుదలే అనిపిస్తుంది.

వంటంతా బొగ్గుల పొయ్యి మీదే. మన ఇళ్ళలో గ్యాసు రాకముందు కుంపటి వాడినవారికి ఆ నిప్పును అదుపులో ఉంచడం ఎంత కష్టమో తెలుసు. నూనె చిమ్మకుండా కళ్ళకు పెట్టుకొనే పెద్ద అద్దాలు ఈమెకు గుర్తుగా మారాయి.

అన్నింటిలోకీ పేరొందినది పీత ఆమ్లెట్. కాగే నూనెలో గుడ్డు సొన పోసి, గుప్పెళ్ళ కొద్దీ పీత మాంసం చేర్చి, గరిటెలతో తిప్పుతూ చుట్టగా చుడతారు. పైన కరకరలాడుతుంది, లోపల మెత్తగా ఉంటుంది. దీని ధర 2018 నాటికే సుమారు వెయ్యి బాట్లు. "ఫాట్ ఖీ మావ్" అనే నూడుల్స్ కూడా ప్రసిద్ధమే; ఆ పేరుకు తాగుబోతు వేపుడు అని అర్థం. పీతలతో చేసే మరో వంటకంలో వాడే కరీ పొడి మాత్రం భారతీయ మసాలాల నుండి పుట్టినదే.

మిషెలిన్ నక్షత్రం

ఫ్రాన్సుకు చెందిన టైర్ల సంస్థ మిషెలిన్ భోజనశాలల మార్గదర్శిని ప్రచురిస్తున్నది. బాంకాక్‌కు సంబంధించిన తొలి సంచిక 2017 డిసెంబరులో వెలువడినప్పుడు జే ఫాయ్‌కు ఒక నక్షత్రం లభించింది. అప్పటికి ఈమె వయసు డెబ్బై దాటింది. ఆ గౌరవం వెంట గంటల తరబడి నిలిచే వరుసలు, తినకుండా ఫొటోలు తీసుకొనే జనం, పన్ను అధికారుల విచారణలు కూడా వచ్చాయి. నక్షత్రాన్ని వెనక్కి ఇచ్చివేయాలని ఉందని 2018లో ఈమె విలేకరులతో అన్నది. ఆ తరువాత కూడా ఇతరులకు అప్పగించక బాణలి ముందు తానే నిలబడి వండింది.

2019లో నెట్‌ఫ్లిక్స్ విడుదల చేసిన "స్ట్రీట్ ఫుడ్: ఏషియా" ధారావాహికలో తొలి భాగం ఈమె గురించినదే. 2021లో ఆసియాలోని 50 ఉత్తమ భోజనశాలల పురస్కారాలలో ఐకాన్ పురస్కారం అందుకొన్నది.