నాడి పలికిన పేరు: జుర్జాన్ యువకుని కథలో చరిత్ర ఎంత?

నిజామీ అరూజీ సమర్‌ఖందీ క్రీ.శ. 12వ శతాబ్ది మధ్యకాలంలో పారశీకంలో రచించిన 'చహార్ మఖాలా'లో ఒక కథ ఉంది. జుర్జాన్ నగరంలో అమీర్ ఖాబూస్ బంధువైన ఒక యువకుడు మంచం పట్టాడు. ఎందరు తబీబులు చూసినా రోగమేదో తేలలేదు. ఆ ఊరి సత్రంలో బస చేసి రోగులను చూస్తున్న ఒక పరదేశిని చివరకు పిలిపించారు. అతడు నాడి చూశాడు, మూత్రం పరీక్షించాడు. ఆపైన మందేమీ చెప్పక, ఈ ఊరి పేటలన్నీ తెలిసిన మనిషి కావాలన్నాడు. వచ్చినవాడు ఒక్కొక్క పేట పేరు చెబుతుండగా రోగి మణికట్టుపై తన వేళ్లుంచాడు. ఒక పేట పేరు రాగానే నాడి అదిరింది. తరువాత ఆ పేటలోని వీధులు, ఆ వీధిలోని ఇళ్లు, ఆ ఇంట్లోని మనుషుల పేర్లు. చివరికి ఒక యువతి పేరు వద్ద రోగం బయటపడింది. ఆమె ఆ యువకుని పినతల్లి కూతురే. ఖాబూస్ వారిద్దరికీ నికాహ్ జరిపించాడు. ఆ పరదేశి అబూ అలీ ఇబ్నె సీనా.

కథ రమ్యంగానే ఉంది. అయితే చరిత్ర దీన్ని ఒప్పుకోదు. ఇబ్నె సీనా (క్రీ.శ. 980-1037) తన జీవిత వృత్తాంతాన్ని స్వయంగా శిష్యుడు జూజ్జానీకి చెప్పాడు. ఖాబూస్ ఆశ్రయం కోరి తాను బయలుదేరినమాట నిజమే గాని, ఇంతలో ఆ అమీర్‌ను పట్టి కోటలో బంధించారనీ, అతడక్కడే మరణించాడనీ అందులో ఉంది. అది 1012 ప్రాంతపు సంగతి. కలవని ప్రభువు ఇంట చికిత్స చేయడం ఎలా సాధ్యం? నిజామీ అరూజీ కథకుడుగా గొప్పవాడే, తేదీల విషయంలో మాత్రం నమ్మదగినవాడు కాడు. మన పెద్దల ఘనతను చాటాలనే ఉత్సాహంలో ఇటువంటి కథలను చరిత్రగా అప్పగించే అలవాటు మనలో ఉంది. దానివల్ల ఆ పెద్దలకు కలిగే మేలేమీ లేదు.

ఖాబూస్‌ను తీసివేసినా పరీక్షా విధానం మాత్రం నిలుస్తుంది, ఎందుకంటే అది 'అల్ ఖానూన్ ఫిత్తిబ్'లోనే ఉంది. మూడవ గ్రంథంలో తల రోగాల మధ్య, మాలీఖూలియాకు దగ్గరగా, 'ఇష్ఖ్' ప్రకరణం వస్తుంది. గుంటలు పడిన కళ్లు, నిట్టూర్పులు, క్రమం తప్పిన నాడి దీని లక్షణాలుగా చెప్పి, పేర్లు వల్లిస్తూ నాడిని గమనించే పద్ధతిని ఇబ్నె సీనా వివరిస్తాడు. తాను దీన్ని స్వయంగా చేసి చూశాననీ, ప్రయోజనం కనిపించిందనీ అంటాడు. వేరే దారి లేనప్పుడు, దీన్, షరీఅత్ అనుమతించిన రీతిలో ఇద్దరినీ కలపడమే చికిత్స అని చెప్పడం కూడా ఆయనే.

ఈ పద్ధతికి ఆయన ఆద్యుడు కాడు. క్రీ.శ. 2వ శతాబ్దిలో రోములో జాలీనూస్ నిద్రపట్టని ఒక స్త్రీని చూస్తుండగా, పైలడీస్ అనే నర్తకుని పేరు ఎవరో చెప్పారు. ఆమె నాడి చెదిరింది. జాలీనూస్ అంతటితో తీర్పు చెప్పలేదు. మరునాడూ, ఆ మరునాడూ వేరే నర్తకుల పేర్లు చెప్పించి, నాడి కదలలేదని చూసి, మళ్లీ మొదటి పేరు చెప్పించి నిర్ధారించుకున్నాడు. ఇబ్నె సీనా వద్ద పరిశీలన మరింత సూక్ష్మం. నాడిని పది విధాల పరీక్షించాలని వైద్యులంటారు, నిజానికి తొమ్మిది అనవలసింది అని కూడా ఆయన చురక వేస్తాడు!

మనకు మరింత ముఖ్యమైనది మాలీఖూలియా ప్రకరణంలోని ఒక మాట. ఈ వ్యాధి జిన్నుల వల్ల వస్తుందని కొందరు వైద్యులు తలచారు. జిన్నుల ఉనికిపై ఇబ్నె సీనా అక్కడ వాదం పెట్టుకోలేదు. జిన్ను వల్లనే అయినా అది శరీర తత్వాన్ని మార్చే కదా రోగం తెచ్చేది, కనుక వైద్యుడు చూడవలసింది ఆ దగ్గరి కారణాన్ని అన్నాడు. గుండెదడతో, మూర్ఛతో పడిపోయిన పిల్లవాణ్ణి తావీజు కోసం ముందు తీసుకుపోయే ఇళ్లు మనలో నేటికీ ఉన్నాయి. వారి ఈమాన్‌ను ఎవరూ శంకించనక్కరలేదు. వైద్యుని వద్దకు వెళ్లడంలో జరిగే ఆలస్యమే ప్రమాదం.

ఇటువైపు ప్రమాదం కూడా ఉంది. కారణం తెలియని ప్రతి దడకూ 'మనసులో ఏదో ఉంది' అని ముద్ర వేయడం సులువు. చిన్నతనంలో గొంతునొప్పి తరువాత వచ్చే రుమాటిక్ జ్వరం గుండె కవాటాలనూ చెడగొడుతుంది, చేతులు కాళ్లు తమంత తామే ఎగిరిపడే కొరియానూ తెస్తుంది. పుట్టుకతో వచ్చే 'లాంగ్ క్యు.టి.' లోపంలో ఉలికిపాటుకే గుండె లయ తప్పి మనిషి పడిపోవచ్చు. దాన్ని మూర్ఛరోగమని పొరబడి ఏళ్లతరబడి వేరే మందులు వాడినవారున్నారు. ఒక ఇ.సి.జి.తో తేలగల విషయం కొన్నిసార్లు ప్రాణం పోయాక గాని తేలదు.

నిజామీ అరూజీ కథలో వరుసను మరొకసారి చూడండి. పరదేశి మొదట నాడి చూశాడు, మూత్రం పరీక్షించాడు. పేటల పేర్లు తెలిసిన మనిషిని పిలిపించింది ఆ తరువాతనే.