యుద్ధానికి ముందటి ఇల్లు

న్యూయార్కు నగరంలో ఇండ్ల అమ్మకపు ప్రకటనలు చదివేవారికి ఒక విశేషణం పదేపదే ఎదురవుతున్నది: ‘యుద్ధపూర్వ గృహం’. దానితోబాటు మరి రెండు మాటలు తరచుగా కనబడుతున్నవి. ఇల్లు నూతనంగా బాగుచేసినదట, పేట ప్రశాంతమైనదట. ఇక్కడ యుద్ధమంటే రెండవ ప్రపంచయుద్ధం. పాతబడిన వస్తువుకు వెల తగ్గడం లోకరీతి. తొంభై, నూరు ఏండ్లు గడచిన ఇంటికి ఆ వయస్సే యోగ్యతాపత్రం అవుతున్నదంటే, అందుకు తగిన కారణం ఉండవలెను. ఆ కారణం వెదకడానికి క్వీన్సు విభాగంలోని జాక్సన్ హైట్సు అనే పేట మంచి తావు. ఆ పేట చరిత్రలో మనదేశస్థుల కథ కూడా కొంత ఇమిడి ఉన్నది.

పందొమ్మిదవ శతాబ్దం చివర న్యూయార్కు శ్రామికులు కాపురమున్న ఇండ్లు ఇరుకైనవి, చీకటివి. లోపలి గదులలో అనేకం గాలి వెలుతురులు ఎరుగవు. 1901లో వచ్చిన చట్టం ప్రతి గదికీ కిటికీ, ప్రతి కాపురానికీ వేరుగా మరుగుదొడ్డి ఉండవలెనని విధించినది. సాధారణమైన స్థలంలో నూటికి 70 పాళ్ళకు మించి కట్టడం లేవరాదన్నది. 1909లో ఈస్టు నదిపై క్వీన్స్‌బరో వంతెన తెరచినారు. అంతవరకు పొలాలుగా ఉన్న భూములు ఒక్కసారిగా నగరానికి చేరువైనవి. ఎడ్వర్డ్ మెక్‌డూగల్ నాయకత్వాన క్వీన్స్‌బరో కార్పొరేషను అనే కంపెనీ అక్కడ విశాలమైన భూమి కొన్నది. 1917లో స్తంభాలపై నడిచే రైలు ఆ పేటకు వచ్చినది. వంతెనా రైలూ లేకపోతే ఆ పేటయే లేదు.

ఇంగ్లండులో ఎబెనెజర్ హోవర్డ్ 1898లో ఉద్యాననగర భావనను ప్రకటించినాడు. మెక్‌డూగల్ దానిని తనకు అనువుగా మలచుకొన్నాడు. వీథుల నడుమనున్న స్థలంలో అంచుల వెంబడి మాత్రమే ఇండ్లు లేపి, మధ్యభాగమంతా తోటగా విడిచినారు. మన మండువా లోగిలి ఎరిగినవారికి ఈ అమరిక కొత్తగా తోచదు. నాలుగు వైపుల గదులు, నడుమ ఆకాశం. లోగిలిలో అది ఒక కుటుంబానిది, ఇక్కడ అనేక కుటుంబాలది. లిండెన్ కోర్టు, ఆండ్రూ థామస్ రూపకల్పన చేసిన చాటో, టవర్సు అనే భవనసముదాయాలు ఈ పద్ధతిలో వెలసినవే.

ఆ ఇండ్లలో గోడలు మందమైనవి, పైకప్పు ఎత్తయినది, నేల ఓకు చెక్కది. ఒకవైపు వీథి, మరొకవైపు తోట ఉండుటచేత గాలి ఇల్లు దాటి పోతుంది. యుద్ధకాలంలో గృహనిర్మాణం దాదాపు స్తంభించినది. యుద్ధానంతరం కూలి పెరిగినది, పని త్వరగా ముగియవలసి వచ్చినది. పొరలు పొరలుగా చేతితో పూసే గచ్చుకు బదులు కర్మాగారపు పలకలు వచ్చినవి, పైకప్పులు దిగినవి. ప్రకటనలోని ‘యుద్ధపూర్వ’ అనే మాటకు విలువ తెచ్చిన భేదం ఇదే.

‘కట్టిన ఇంటికి వంకలు చెప్పేవారు వేయిమంది’ అని మన సామెత. పాత ఇంటిని బాగుచేసి అమ్మేటప్పుడు ఆ వంకలు వినదగినవే. కొత్త వంటగది కంటికి కనబడుతుంది. గోడలోని తీగ కనబడదు. కొన్ని దీపాలను, ఒక రేడియో పెట్టెను మాత్రమే ఉద్దేశించి వేసిన తీగలపై నేటి యంత్రాల బరువు మోపడం ప్రమాదం. నివాసగృహాలలో సీసం కలిసిన రంగును న్యూయార్కు నగరం 1960లో నిషేధించినది. అంతకుముందరి గోడలలో అది అడుగుపొరగా మిగిలి ఉండవచ్చును. నీటిగొట్టాలు, ఆవిరితో వేడెక్కే ఇనుప పరికరాలు మార్చినారా లేదా అన్నది కూడా అడిగి తెలుసుకోవలసినదే.

అంతకంటె లోతైన ప్రశ్న మరొకటి ఉన్నది. ఈ ఇండ్లలో అనేకం సహకార పద్ధతిపై అమ్మినవి. కొన్నవానికి ఇంటిపై దస్తావేజు రాదు. భవనం యజమాని అయిన సంస్థలో షేర్లు, వాటితోబాటు నివసించే హక్కు వచ్చును. పొరుగువారు ఎన్నుకొన్న పాలకవర్గం సమ్మతించవలెను. తొలి దశకాలలో జాక్సన్ హైట్సులో యూదులకు, నల్లజాతివారికి ఇండ్లు ఇవ్వరాదన్న నియమం పాటించినారు. ప్రశాంతమైన పేట అన్న మాటకు ఆనాడు ఈ అర్థం కూడా ఉండెను. ఆ కాలంలోనే, 1923లో, అమెరికా సైన్యంలో పనిచేసిన భగత్‌సింగ్ తింద్ అనే పంజాబీయుడు పౌరసత్వానికి అర్హుడు కాడని ఆ దేశపు సుప్రీంకోర్టు తీర్పు చెప్పినది.

ఆ తలుపులు ఒక్కనాడు తెరచుకోలేదు. 1946 చట్టం భారతీయులకు పౌరసత్వపు అర్హతనిచ్చినది. కాని ఏటా ప్రవేశం సుమారు నూరుగురికే. జాతిభేదంతో ఇల్లమ్మరాదనే ఒప్పందాలను న్యాయస్థానాలు అమలు జరుపరాదని 1948లో సుప్రీంకోర్టు నిర్ణయించినది. 1965లో వలసచట్టం మారినది. 1968 చట్టం గృహవిక్రయంలో జాతి, మత భేదాలను నిషేధించినది. తరువాతి దశకాలలో వైద్యులు, ఇంజనీర్లు, వర్తకులు భారతదేశం నుండి క్వీన్సుకు తరలివచ్చినారు. వారిలో తెలుగువారు కూడా ఉన్నారు. 74వ వీథిలో చీరెల దుకాణాలు, నగల దుకాణాలు వెలసినవి. అదే క్వీన్సులో, ఫ్లషింగులో, 1977లో గణపతి ఆలయం ప్రతిష్ఠితమైనది.

1993లో నగరం ఈ పేటలోని ప్రధానభాగాన్ని చారిత్రక ప్రాంతంగా ప్రకటించినది. అక్కడ వంటగదిని ఇచ్చవచ్చినట్లు మార్చుకోవచ్చును గాని, వీథివైపు కిటికీ మార్చడానికి అనుమతి కావలెను. భవనాల బయటిరూపం ఈ విధంగా నిలిచినది. నడుమనున్న తోటలు మాత్రం నేటికీ నివాసులవే. పేట మొత్తానికి బహిరంగ ఉద్యానాల కొరత ఉన్నది. 2020లో మహమ్మారి ఆ ప్రాంతాన్ని తీవ్రంగా పీడించినప్పుడు, ఇరుకిండ్లలో బందీలైనవారి కోసం 34వ ఎవెన్యూను 26 వీథిభాగాల పొడవున పగటివేళ మోటారు బండ్లకు మూసి, మనుష్యులకు విడిచినారు. ఆ ఏర్పాటు తరువాత కూడా నిలిచినది. ఒక శతాబ్దం క్రిందట తోటను ఇంటివారికోసం లోపల దాచిన పేటలో, పిల్లలు నడివీథిలో ఆడుకొనసాగినారు.

ఇల్లమ్మేవారు కొనవచ్చినవారిని కిటికీ దగ్గరకు తీసుకొనిపోయి తోటను చూపుతారు. చూపవలసినదే, అది అందమైన తోట. ఒకనాడు తమవంటివారికి మూసియుంచిన ఆ తోటలోనికి నేడు మనవారు తాళపుచెవితో వెళ్ళగలుగుతున్నారు. తమ తరువాత తలుపు తట్టేవారిని ఏ మాటతో పలుకరింపవలెనో, పాలకవర్గంలో కూర్చున్ననాడు వారే నిర్ణయించవలసి ఉన్నది.